లారీ మెకానిక్ కొడుకు, 1991 నాటి మాజ్డా, ఇంట్లో చెప్పని లక్షన్నర

గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక పాఠకులు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వారికి 47 ఏళ్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరు ఉద్యోగం. తండ్రిగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీలు బాగుచేసి, ఆరేళ్ల కిందట కాలం చేశారు. 1996లో డిప్లొమా చదువుతున్న రోజుల్లో ఈయన ఒక ఇంగ్లీషు పత్రికలోంచి ఎర్ర రంగు మాజ్డా ఎం.ఎక్స్.-5 (రెండు సీట్లతో, మడిచే టాపుతో, స్విచ్చి నొక్కితే బానెట్‌లోంచి పైకి లేచే లైట్లతో ఉండే జపాన్ స్పోర్ట్స్ కారు) బొమ్మ కత్తిరించి, షెడ్డులో తండ్రి పనిముట్ల బీరువా తలుపుకు అంటించారట. తండ్రి గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చి, చాలాసేపు చూసి, "దీని లైట్లు నిద్ర లేచినట్టు లేస్తాయంట్రా" అన్నారట. ఆ మాట తనను ఇప్పటికీ వదల్లేదని రాశారు.

నిరుడు తల్లిగారి వాటాగా వచ్చిన స్థలం అమ్మితే 38 లక్షలు చేతికొచ్చాయి. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది, డాక్టరు చదవాలనుకుంటోంది. ఆ డబ్బంతా అమ్మాయి పేర బ్యాంకులో వేయాలన్నది వారి శ్రీమతి అభిప్రాయం. ఈలోగా బెంగళూరులో ఉంటున్న బావమరిది అలాంటి కారే ఒకటి అమ్మకానికి ఉందని చెప్పారు. అది 1991లో తయారైంది. 1993లో ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చిన ఒక డాక్టరు వెంట తెచ్చుకున్నారట. ఇప్పుడది మూడో యజమాని దగ్గర ఉంది. ధర 15 లక్షలు చెప్పారు. ఆర్.సి. గడువు 2023తో తీరిపోయింది. మన పాఠకులు వెళ్లి చూసినప్పుడు అమ్మే ఆయన స్విచ్చి నొక్కితే ఒక లైటు పూర్తిగా లేచింది, రెండోది సగం లేచి ఆగిపోయింది. ఆ సగం లేచిన లైటు చూసి తండ్రి గుర్తొచ్చి, అక్కడికక్కడే ఫోన్‌లో లక్షన్నర అడ్వాన్సు పంపేశారు. రసీదు లేదు. ఈ సంగతి బావమరిదికి తెలుసు, శ్రీమతికి తెలియదు.

ఇక వారు అడిగినవి ఇవి: స్పేర్ పార్టులు దొరుకుతాయా, ఆటోనగర్ మెకానిక్‌లు దీన్ని చేయగలరా, మన ఎండలకు తట్టుకుంటుందా, ఇంట్లో ఎప్పుడు చెప్పాలి. కారు గుమ్మం ముందుకొచ్చాక చెబితే ఆవిడే సర్దుకుంటారని స్నేహితులు అంటున్నారట. కాగితాల గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది: "కాగితాలు తర్వాత చూసుకోవచ్చని అమ్మే ఆయన అన్నారు."

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇది పిచ్చి సరదా అని నేను అనుకోవడం లేదు. తండ్రి చేతి పనిని చూస్తూ పెరిగినవారికి ఒక యంత్రం మీద ఇరవై తొమ్మిదేళ్లపాటు మనసు నిలవడం నాకు అర్థమయ్యే విషయమే. పైగా మీరు ఎంచుకున్న కారు మంచిది. అయితే మీ భయాల వరుస తలకిందులుగా ఉందని చెప్పాలి. మూడు పేజీలు యంత్రం గురించి భయపడ్డారు, చివరి పేజీలో ఇంటి గురించి భయపడ్డారు, కాగితాలకు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నా లెక్కలో కాగితాలది మొదటి స్థానం, ఇంటిది రెండో స్థానం. యంత్రం ఈ మూడింటిలోకీ తేలికైనది.

ముందు కాగితాల సంగతి చూద్దాం. ఇప్పటి దిగుమతి నిబంధనల ప్రకారం తయారై మూడేళ్లు దాటిన వాడిన కారును మన దేశానికి తెచ్చుకోవడానికి వీల్లేదు. తయారై 50 ఏళ్లు నిండిన పాతకాలపు వాహనాలకు మాత్రం 2025లో వెసులుబాటు ఇచ్చారు. 1991 నాటి కారుకు 50 ఏళ్లు నిండేది 2041లో. అంటే 1980లలో, 1990లలో జపాన్ తయారుచేసిన గొప్ప స్పోర్ట్స్ కార్లన్నీ, మీ మాజ్డా అయినా, నిస్సాన్ స్కైలైన్ జి.టి.-ఆర్. అయినా, టయోటా సుప్రా అయినా, ఈ రెండు గీతల మధ్య చిక్కుకుని ఉన్నాయి. ఈరోజు వాటిని కొత్తగా చట్టబద్ధంగా తేలేరు. తేలేనిదాని మీదే మోజు ఎక్కువ కాబట్టి దొంగదారులు పుట్టాయి. కారును ముక్కలుగా కోసి విడిభాగాల పేరుతో తెప్పించి ఇక్కడ అతికించడం ఒక దారి. తుక్కుకు వెళ్లిన మరో కారు నంబరు దీనికి తగిలించడం ఇంకొకటి. తిరిగి తీసుకెళ్తామన్న పూచీతో కార్నె పద్ధతిలో కొద్దినెలలకు తెచ్చి, ఇక్కడే ఉంచేసినవీ ఉన్నాయి. భూటాన్ మీదుగా అక్రమంగా వచ్చాయన్న ఆరోపణపై 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు పలు ఖరీదైన కార్లను స్వాధీనం చేసుకున్న వార్త మీరూ చదివే ఉంటారు. అలాంటి కారు నాలుగు చేతులు మారినా దాని దోషం దానితోనే ఉంటుంది. మీరు నిజాయితీగా డబ్బిచ్చి కొన్నానన్నంత మాత్రాన స్వాధీనం చేసుకోకుండా ఆగరు.

మీ కారు అలాంటిదని నేను అనడం లేదు. విదేశంలో కొన్నాళ్లు నివసించి తిరిగొచ్చేవారు తాము వాడిన కారును సుంకం కట్టి తెచ్చుకునే పద్ధతి అప్పట్లో ఉంది. కార్ల వాళ్లు దాన్ని టి.ఆర్. (ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్, అంటే నివాసం మార్పు) కారు అంటారు. డాక్టరుగారి కథ ఆ పద్ధతికి సరిగ్గా సరిపోతుంది. కథ సరిపోతే చాలదు, కాగితం కూడా ఉండాలి. మీరు అడగవలసింది కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ. అందులో కారు చాసిస్ నంబరు, దానిమీద కట్టిన సుంకం ఉంటాయి. రెండోది మొదటి రిజిస్ట్రేషన్ నాటి వివరాలతో కర్ణాటక ఆర్.టి.ఓ. ఇచ్చే బి-ఎక్స్‌ట్రాక్ట్. టి.ఆర్. కింద వచ్చిన కారును రెండేళ్లపాటు అమ్మరాదని రిజిస్ట్రేషన్ పత్రంలో రాసేవారు. ఆ రాత కనిపిస్తే అది మీకు మంచి గుర్తు.

తర్వాత బానెట్ ఎత్తి, ఇంజను వెనక అడ్డుగోడ లాంటి రేకు మీద కొట్టిన చాసిస్ నంబరు చదవండి. ఇంగ్లండ్‌లో అమ్మడానికి తయారైన కారైతే అది సాధారణంగా జె.ఎం.జెడ్. అక్షరాలతో మొదలయ్యే 17 అక్షరాల, అంకెల వరుసగా ఉంటుంది. జపాన్‌లో అమ్ముడైన కారుకు అంత పొడవు నంబరు ఉండదు. అక్కడ ఈ కారును యూనోస్ రోడ్‌స్టర్ అన్న పేరుతో అమ్మారు, 1.6 లీటర్ల దాని నంబరు ఎన్.ఎ.6సి.ఇ. అని మొదలవుతుంది. మీ కారు మీద రెండో రకం కనబడితే వెంటనే దొంగ కారని తేల్చేయనక్కర్లేదు. జపాన్ నుంచి ఇంగ్లండ్‌కు వాడిన కార్లు వెళ్లిన మాట నిజమే. అయితే డాక్టరుగారు దాన్ని ఎక్కడ, ఎప్పుడు కొన్నారన్న ప్రశ్నకు కాగితంతో జవాబు రావాలి. నంబరు కొట్టిన రేకు చుట్టూ వెల్డింగ్ గీత, పుట్టీ, మిగతా చోట్ల లేని కొత్త పెయింటు కనిపిస్తే మాత్రం ఇంక మాట్లాడకుండా బయటికి వచ్చేయండి. ఆటోనగర్‌లో నాన్నగారి నాటి టింకరింగ్ మేస్త్రి ఎవరైనా ఉంటే ఆయన్ను వెంట తీసుకెళ్లండి. ఆ రేకు మీద వేలు పెట్టి ఆయన చెప్పేది ఏ నివేదిక కన్నా నమ్మదగినది.

ఇందులో నాకు సొంత అనుభవం కొంత ఉంది. 2011లో పక్క రాష్ట్రం నుంచి ఒక పాత జిప్సీ కొన్నాను. మధ్యవర్తి ఇచ్చిన ఎన్.ఓ.సి. (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని మన ఆర్.టి.ఓ. ఆఫీసుకు వెళితే, అలాంటి పత్రం తాము ఇవ్వనేలేదని అవతలి ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఆ చిక్కు విడిపోయేదాకా పద్నాలుగు నెలలు ఆ బండి రేకుల షెడ్డు కింద నిలబడి ఉంది. రోజూ దాని పక్కనుంచే స్కూటరు తీసుకుని వెళ్లేవాణ్ణి. కాగితం లేని బండి ఇంట్లో ఉంటే దాన్ని చూసినప్పుడల్లా సంతోషం బదులు గుండె బరువెక్కుతుంది. మీరు ఇన్నేళ్లు కన్న కల మీకు అలా కాకూడదు.

కాగితాలు నిఖార్సయినవని తేలినా ఖర్చు ఉంది. 15 ఏళ్లు దాటిన కారుకు ఐదేసి ఏళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తప్పదు. 2025 ఆగస్టులో పెంచిన రుసుముల ప్రకారం 20 ఏళ్లు దాటిన దిగుమతి కారుకు అది 80,000 రూపాయలు. 2023 నుంచి జరిగిన ఆలస్యానికి అదనపు రుసుము వేరే ఉంటుంది. పునరుద్ధరణ కర్ణాటకలో, ఇప్పటి యజమాని ఖర్చుతో, ఆయన పేరు మీదే పూర్తి కావాలని గట్టిగా పట్టుబట్టండి. ఎందుకంటే ఆ పరీక్షలోనే కారు చాసిస్ నంబరును అక్కడి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ స్వయంగా చూస్తారు. ఆ తనిఖీకి అమ్మే ఆయన వెనకాడితే, ఎందుకు వెనకాడుతున్నారో మీకు తెలిసిపోతుంది. అది అయ్యాక ఫారం 28 మీద ఎన్.ఓ.సి., 29, 30 ఫారాల మీద పేరు మార్పు, గుంటూరులో కొత్త నంబరు, కారు వయసును బట్టి మన రాష్ట్రపు లైఫ్ ట్యాక్స్, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని పాత పేరుతోనే తిప్పుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్లు మీకు తప్పక తగులుతారు. ఆ దారిలో ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు, అమ్మిన మనిషికి ఏదైనా అయితే వారసుల దగ్గర చిక్కు. అలాంటి కారును మీరు మళ్లీ అమ్ముకోనూ లేరు.

ఇప్పుడు ఇంటి సంగతి. మీ శ్రీమతి కారు వద్దన్నారని మీరు ఎక్కడా రాయలేదు. డబ్బు అమ్మాయి చదువుకు పెట్టాలన్నారని రాశారు. ఈ రెండూ ఒకటి కావు. ఆవిడకు కారు సంగతే తెలియనప్పుడు ఆవిడ ఎలా వద్దంటారు? ఆ బొమ్మ గురించి, బీరువా తలుపు గురించి, నాన్నగారి మాట గురించి ఆవిడకు ఎప్పుడైనా చెప్పారా? నాకు నాలుగు పేజీలు రాసిన మీరు ఆవిడకు ఒక్క సాయంత్రం కూడా కేటాయించలేదేమోనని నా అనుమానం. స్నేహితులు చెప్పినట్టు గుమ్మం ముందు కారు నిలబెట్టి చెబితే ఆవిడ పైకి సర్దుకోవచ్చు. అలా సర్దుకున్న మనిషికి ఆ కారులో పక్క సీటులో కూర్చోవాలనిపించదు. అందులో ఉన్నవి రెండే సీట్లు.

ఇంకో మనిషిని కూడా మీరు ఇరుకున పెట్టారు. బావ చేసిన పనిని సొంత అక్క దగ్గర దాచవలసిన పరిస్థితి మీ బావమరిదికి వచ్చింది. ఈ సంగతి సంక్రాంతికో, ఏదో పెళ్లిలోనో ఆయన నోటివెంట బయటపడితే, ఆవిడను నొప్పించేది లక్షన్నర కాదు, తమ్ముడూ భర్తా కలిసి తనను పక్కన పెట్టారన్న మాట. అందుకే మీరే చెప్పాలి, అదీ బెంగళూరు మళ్లీ వెళ్లేలోపే. చెప్పేటప్పుడు కారుతో మొదలుపెట్టకండి. అడ్వాన్సు ఇచ్చిన సంగతి ముందు చెప్పి, తప్పయిందని ఒప్పుకుని, ఆ తర్వాత కారు గురించి మాట్లాడండి. అమ్మాయి చదువుకు ఎంత తీసి పక్కన పెట్టాలో ఆవిడనే చెప్పనివ్వండి. మెడికల్ సీటు ప్రభుత్వ కోటాలో వస్తే ఒక లెక్క, ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా అయితే మొత్తం 38 లక్షలూ సరిపోని లెక్క. నీట్ ఫలితం వచ్చేదాకా ఆ రెండింటిలో ఏదో మీకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. ఆవిడ భయం ఊహ కాదని మీరు ఒప్పుకోవాలి.

యంత్రం విషయంలో మీకు చాలావరకు ధైర్యం చెప్పగలను. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో మాజ్డా ఈ కారును బయటపెట్టినప్పుడు దాని గొప్పంతా బరువు తక్కువగా, నిర్మాణం సరళంగా ఉండటమే. అది వెయ్యి కిలోలు తూగదు. ముందు ఇంజను, వెనక చక్రాలకు శక్తి, మధ్యలో ఇద్దరు మనుషులు. టర్బో లేదు. అదే కంపెనీ ఆర్.ఎక్స్.-7లో ఉండే రోటరీ ఇంజను, అది తాగే నూనె, దాని సీళ్ల బాధ ఇందులో లేవు. టర్బో ఉన్న జపాన్ కార్లకు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కావాలి, ఇది మామూలు పెట్రోలుతో నడిచేలా చేసినది. అయితే ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1991 నాటి రబ్బరు దానికోసం తయారైంది కాదు. కొంటే మొదటి వారంలోనే ఇంధనం వెళ్లే గొట్టాలన్నీ కొత్తవి వేయించండి.

రెండోసారి చూడటానికి వెళ్లినప్పుడు ఈ చోట్లు చూడండి. టాపు మడిచే చోట, సీట్ల వెనక రెండు మూలల్లో నీళ్లు దిగే కన్నాలు ఉంటాయి. ఆకులు, మట్టి పడి అవి పూడుకుపోతే వాన నీరు తలుపుల కింది పెట్టె లాంటి రేకులోకి దిగి లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. పైకి పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. వెనక చక్రానికి ముందు, తలుపు కింద వేలితో నొక్కి, చిన్నగా తట్టి చూడండి. ఖంగుమనాలి, మొద్దుగా మోగకూడదు. డిక్కీలో బ్యాటరీ ఉన్న మూల కూడా చూడండి. అక్కడ ఉండవలసింది గాలి గొట్టం ఉన్న ప్రత్యేకమైన బ్యాటరీ. ఎవరైనా మామూలుది పెట్టి ఉంటే ఆవిరికి కింద రేకు తినేసి ఉంటుంది. ఇంజను ముందు క్రాంక్ పుల్లీకి (ఇంజను ప్రధాన ఇరుసు చివర ఉండే చక్రానికి) ఎన్ని గాట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగు ఉంటే అది తొలి రోజుల పొట్టి ముక్కు క్రాంక్. పుల్లీని ఇరుసుకు పట్టి ఉంచే కీ అనే చిన్న ఇనుప ముక్క వదులై పుల్లీ ఊగే జబ్బు వాటికి ఉంది. ఎనిమిది ఉంటే నిశ్చింత. 1991 సరిగ్గా ఆ మార్పు జరిగిన ఏడాది కాబట్టి ఇది చూడకుండా ధర మాట్లాడకండి.

ఆటోనగర్ గురించి మీకు నేను చెప్పేదేముంది. రేడియేటరు, బుష్‌లు, సైలెన్సర్, బ్రేకు గొట్టాలు, లేత్ పని అన్నీ అక్కడ అవుతాయి. ఇంజను ఎలక్ట్రానిక్ వ్యవస్థ కూడా ఆ కాలపుదే. ఇంజను గదిలోని చిన్న పెట్టెలో రెండు పిన్నులను వైరు ముక్కతో కలిపితే బల్బు ఎన్నిసార్లు మిణుకుమంటుందో దాన్నిబట్టి లోపం పట్టుకోవచ్చు. 185/60 ఆర్ 14 టైర్లు మన కొట్లలో దొరికే సైజే. దొరకనివి టాపు, అద్దాలు, రబ్బరు సీళ్లు, లైట్ల భాగాలు. మాజ్డా మన దేశంలో కార్లు అమ్మలేదు కాబట్టి ఇవి జపాన్ నుంచో ఇంగ్లండ్ నుంచో రావాలి, సుంకం కట్టాలి, వారాల తరబడి ఎదురుచూడాలి. ఆ మోడల్‌ను బాగుచేసే పథకాన్ని 2017లో మాజ్డాయే జపాన్‌లో ప్రకటించి, ఆగిపోయిన కొన్ని భాగాలను మళ్లీ తయారుచేస్తోంది. ముప్పై ఏళ్ల కారుకు అంతకన్నా భాగ్యం అరుదు. ఎండ విషయంలో నా భయం పెయింటు గురించి కాదు, టాపు వెనక ఉండే మెత్తని ప్లాస్టిక్ అద్దం గురించి. గుంటూరు మే నెలలో అది పసుపెక్కి పగులుతుంది. నీడ, గాలి ఉన్న షెడ్డు కావాలి. సెల్లార్ వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో వాహనాలు ఎలా మునిగాయో మీరు చూశారు. నేలకు జానెడు కన్నా తక్కువ ఎత్తున్న కారు మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లను మెల్లగా, ఏటవాలుగా దాటాలి. దీనితో రోజూ ఆఫీసుకు వెళ్లాలన్న ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక మీ ముందున్న దారులు. లక్షన్నర వదులుకుని ఇప్పుడే తప్పుకోవడం ఒకటి. రసీదు లేకపోయినా బ్యాంకు లెక్కలో పంపిన ఆధారం ఉంది కాబట్టి మర్యాదగా అడిగితే కొంత తిరిగి రావచ్చు, మొత్తం వస్తుందని మాత్రం ఆశపడకండి. అమ్మాయి సీటు తేలేలోపు మనశ్శాంతి కావాలంటే ఇది మంచి దారే. రెండోది, ఆ అడ్వాన్సునే షరతులతో కూడిన ఒప్పందంగా స్టాంపు కాగితం మీద రాయించుకోవడం: బిల్ ఆఫ్ ఎంట్రీ చూపాలి, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, ఎన్.ఓ.సి. ఆయనే చేయించాలి, మూడు నెలల్లో కాకపోతే డబ్బు వాపసు. ఈ దారిలో మీకు సమయం దొరుకుతుంది, ఈలోగా నీట్ సంగతీ కొంత తెలుస్తుంది. అమ్మే ఆయనకు వేరే బేరం వస్తే కారు చేజారవచ్చు, దానికి సిద్ధపడాలి. ఈ దారి పట్టి కొనేట్టయితే, ధరలో మూడో వంతు, అంటే మరో ఐదు లక్షలు, మొదటి రెండేళ్ల పనులకు విడిగా ఉండాలని నా అంచనా. అంటే మీరు ఇంట్లో చెప్పవలసిన అంకె 15 కాదు, 20. మూడోది, బావమరిది పేరు మీద కొని బెంగళూరులోనే ఉంచడం. లైఫ్ ట్యాక్స్ తప్పుతుంది, వాతావరణం చల్లన. కాని బావా బావమరుదుల మధ్య డబ్బు, ప్రమాదం జరిగితే బాధ్యత, రేపు అమ్మాల్సి వస్తే వాటా, ఇవన్నీ ముందే రాసుకోలేని పక్షంలో చుట్టరికానికి చేటు. పైగా నెలకోసారి వెళ్లి చూసొచ్చే కారుతో మీ కోరిక తీరుతుందని నాకు అనిపించడం లేదు. మీకు కావలసింది దాని బానెట్ కింద చెయ్యి పెట్టడం.

ఏ దారి పట్టినా బెంగళూరుకు ఈసారి శ్రీమతితో కలిసి వెళ్లండి. కొనాలని ఆవిడను ఒప్పించడానికి కాదు, మీరు చూసింది ఆవిడా చూడటానికి. సగం ఆగిపోయిన ఆ లైటు గురించి బెంగ వద్దు. మోటారు మీద రబ్బరు టోపీ కింద చిన్న గుబ్బ ఉంటుంది, దాన్ని చేత్తో తిప్పితే లైటు లేస్తుంది. మీరు ఉత్తరంతో పంపిన ఏడు ఫోటోల్లో ముందు భాగం, సీట్లు, స్టీరింగు ఉన్నాయి గానీ చాసిస్ నంబరు ఒక్కదానిలోనూ లేదు. ఈసారి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తి ఆ నంబరు స్పష్టంగా కనబడేలా ఒకటి, క్రాంక్ పుల్లీది ఒకటి, తలుపు కింది రేకుది ఒకటి తీసి పంపండి. వాటితోపాటు బి-ఎక్స్‌ట్రాక్ట్ నకలు కూడా ఉంటే మళ్లీ వివరంగా రాస్తాను.